ఎర్ర లైటు వెలిగితే జీతం కోసేస్తారా?

ముందే చెప్పేస్తున్నాను, ఇది మన సాఫ్టువేరు జనాలకి కోపం తెప్పించే విషయం. నేనూ ఆ జనాల్లో ఒకణ్ణే కాబట్టి నాకే ముందు రావాలి. వచ్చింది కూడా. కాకపోతే వచ్చింది నామీదే.

నేను పనిచేసేది రంగుల అచ్చు యంత్రాలకి సాఫ్టువేరు రాసే ఓ చిన్న హైదరాబాదు కంపెనీలో. (పెళ్ళిచూపుల్లో ఈ మాట చెబితే "అంటే ప్రింటర్లు బాగుచేస్తావా బాబూ?" అన్నారొక పెద్దాయన.) ఆఫ్‌సెట్ ప్రెస్సులో అచ్చయిన షీటుని తీసి బల్లమీద పెడితే, ఒక పరికరం దాని అంచున ఉండే రంగుల పట్టీ మీదుగా పరిగెత్తి గడిగడినీ కొలుస్తుంది. మా ప్రోగ్రాము ఆ కొలతల్ని ఉండాల్సిన విలువలతో పోల్చి, సరిపోతే పచ్చ లైటు, సరిపోకపోతే ఎర్ర లైటు వెలిగిస్తుంది. ఆ తర్వాత ఒక పీడీఎఫ్ రిపోర్టు తయారుచేసి ప్రెస్సు ఓనరుకీ, వాళ్ళ కస్టమరుకీ దానంతటదే పంపించేస్తుంది. ఈ చివరి ముక్కంటే మా సేల్సు వాళ్ళకి భలే ఇష్టం. "ట్రాన్స్‌పరెన్సీ సార్!" అంటారు.

కిందటేడు బెజవాడలో ఒక ప్రెస్సుకి కొత్త వెర్షన్ ఎక్కించడానికి వెళ్ళాను. అక్కడి మెషిన్‌మాన్‌ని అందరూ బాబాయ్ అనే పిలుస్తారు, నేనూ అంతే. ముప్ఫై ఏళ్ళ సర్వీసు. ఎప్పుడెళ్ళినా "రండి బాబూ, టీ తాగుదురుగాని" అనే మనిషి, ఆ రోజు పలకరించలేదు. సాయంత్రం షిఫ్టు దిగేటప్పుడు రెండు అట్ట షీట్లు తెచ్చి కిటికీ దగ్గర వెలుతుర్లో పరిచాడు. రెండూ పసుపుపొడి డబ్బాల షీట్లే.

"ఇందులో ఏది బాగుందో, ఏది పాడైందో చెప్పండి బాబూ" అన్నాడు.

చూశాను. వంగి చూశాను, దూరంగా నిలబడి చూశాను. నాకు తేడా కనబడలేదు.

"ఈ రెండోదానికే మీ కంప్యూటరు ఎర్ర లైటేసింది. పదకొండు వేల షీట్లు ఆపేశారు. పార్టీకి డిస్కౌంటు ఇచ్చి వదిలించుకున్నారు. అందులో నా వాటా నెలకి మూడు వేలు, మూడు నెలలు కోస్తారంట."

ఆ రాత్రి హోటల్ రూములో కూర్చుని లాగ్ ఫైలు తెరిచాను. నిండు పసుపు గడికి ఉండాల్సిన విలువ ఎల్ 89, ఏ మైనస్ 5, బీ 93. ఆ షీట్లో వచ్చింది ఎల్ 89, ఏ మైనస్ 5, బీ 99.5. రెండింటి మధ్య దూరం 6.5. మా పరిమితి 5. ఇంకేం, ఫెయిల్. కోడు తప్పులేదు. లెక్కా తప్పులేదు. అదే అసలు గొడవ.

ప్రెస్సు సంగతులు తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. రంగుల అచ్చంటే నిజానికి నాలుగే ఇంకులు: సయాన్, మజెంటా, పసుపు, నలుపు. ఒక్కోదానికి ఒక్కో ప్లేటు. కాగితం మీద చిన్న చిన్న చుక్కలు పడతాయి, వాటిని కలిపి చూసుకునేది మన కళ్ళే. మెషిన్‌కి అడ్డంగా ఇంకు వచ్చే దారిని మూడేసి సెంటీమీటర్ల చొప్పున భాగాలు చేసి ఉంటారు. ఏ భాగంలో ఇంకు ఎంత వదలాలో విడివిడిగా తిప్పుకోవచ్చు. ఒకప్పుడు ఆ మరలన్నీ మెషిన్ మీదకి వంగి చేత్తో తిప్పేవాళ్ళు. 1977లో హైడెల్‌బర్గ్ వాళ్ళు సీపీసీ అని తెచ్చాక బల్ల దగ్గర కూర్చుని బటన్లు నొక్కే రోజులొచ్చాయి. ఇప్పుడు ఆ బటన్లు కూడా మనిషి నొక్కక్కర్లేదు. కొలిచే పరికరమే ఎంత సవరించాలో లెక్కగట్టి మరల్ని తిప్పేస్తుంది.

ఇదంతా దండగ అనడం లేదు నేను. "ఆ రోజుల్లో మా మెషిన్‌మాన్ కంటిచూపుతో కొట్టేవాడండీ" అని నిట్టూర్చే బాపతు కాదు నాది. కన్నుని నేను నమ్మను. ఐదు నిమిషాలు ఎర్రటి పోస్టరు చూశాక పక్కనున్న బూడిద రంగు పచ్చగా కనిపిస్తుంది. రాత్రి షిఫ్టులో ట్యూబులైటు కింద ఓకే చేసిన షీటు పొద్దున్న ఎండలో ఇంకోలా ఉంటుంది. పోయిన నెల కొట్టిన రంగు ఏ మెషిన్‌మాన్‌కీ ఖచ్చితంగా గుర్తుండదు. ఉత్తర ఐరోపా మూలాలున్న మగవాళ్ళలో సుమారు 8 శాతం మందికి ఎరుపు-ఆకుపచ్చల దగ్గర ఏదో ఒక లోపం ఉంటుందని లెక్క. మన ప్రెస్సుల్లో ఈ పరీక్ష చేసి ఉద్యోగం ఇచ్చినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. ఆ బెజవాడ ప్రెస్సులోనే జాబు మొదలెట్టినప్పుడల్లా వందల షీట్లు చెత్తలోకి పోయేవి. కొలత మొదలయ్యాక అందులో సగం కూడా పోవడం లేదు. కాబట్టి యంత్రం కొలవాలి. ఆ విషయంలో నాకు రెండో మాట లేదు.

నా గొడవల్లా ఆ కొలతని మనం తీర్పుగా మార్చేసిన పద్ధతి మీద.

అసలా అంకె ఎక్కణ్ణుంచి వచ్చింది? 1920ల చివర్లో ఇంగ్లండులో రైట్ అనే ఆయన 10 మందిని, గిల్డ్ అనే ఆయన 7 మందిని కూర్చోబెట్టి, రంగు కాంతుల్ని కలిపి మరో రంగుతో సరిపోల్చమన్నారు. ఆ 17 మంది కళ్ళ సగటుతో 1931లో "ప్రామాణిక పరిశీలకుడు" పుట్టాడు. మనం కొనే ప్రతి స్పెక్ట్రోఫొటోమీటరు లోపలా కూర్చున్నది ఆయనే. దాని మీద 1976లో ఎల్, ఏ, బీ అనే మూడు అక్షాల లెక్క కట్టారు. రెండు రంగులు రెండు బిందువులు, వాటి మధ్య సరళరేఖ దూరమే డెల్టా ఈ. ఇంటర్మీడియట్ కుర్రాడు కూడా వేసేయగల లెక్క.

చిక్కేమిటంటే కంటికి ఇంటర్మీడియట్ లెక్కలు రావు. బాగా చిక్కటి పసుపులో ఆరు అంకెల తేడా వచ్చినా కన్ను "పోనీలే" అంటుంది. బూడిద రంగులో రెండు మూడు అంకెలకే "ఇదేంటి, గులాబీ తిరిగింది?" అంటుంది. ఈ సంగతి తెలిసే 2001లో ఆ అంతర్జాతీయ సంస్థే డెల్టా ఈ 2000 అని కొత్త సూత్రం ప్రకటించింది. కాస్త భయంకరంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. నేను హోటల్లో కూర్చుని బాబాయ్ పసుపుని దాంట్లో వేసి చూశాను. 6.5 కాస్తా సుమారు 1.2 అయింది. మామూలు కంటికి దాదాపు కనపడని తేడా. కిటికీ దగ్గర నాకు కనపడకపోవడానికి కారణం నా కళ్ళజోడు కాదన్నమాట.

అక్కడితో ఆగి పడుకోవాల్సింది. కానీ పురుగు తొలిచింది. అదే వారంలో అదే మెషిన్ మీద ఒక కాలేజీ బ్రోషరు పోయింది. బిల్డింగు ఫోటో గులాబీ తిరిగిందని ఆ పార్టీ గోల చేశారట. మా రిపోర్టు మాత్రం అన్నీ పచ్చ లైట్లే. లాగ్ చూస్తే బూడిద గడి ఉండాల్సింది ఎల్ 60, ఏ 0, బీ 0. వచ్చింది ఎల్ 60, ఏ 3, బీ 0. పాత లెక్కలో తేడా 3, అంటే పాస్. కొత్త లెక్కలో సుమారు 4.1. అంటే కంటికి కనపడని తేడాకి మా ప్రోగ్రాము జీతం కోయించింది, కంటికి కొట్టొచ్చినట్టు కనపడే తేడాకి సర్టిఫికెట్టు ఇచ్చింది. రెండూ ఒకే వారంలో, ఒకే లైన్ కోడుతో. ఆ లైన్ రాసింది నేనే. డెల్టా ఈ 5 దాటితే ఫెయిల్. అన్ని రంగులకీ ఒకటే 5.

ఆ 5 ఎక్కడిది? ఆఫ్‌సెట్ అచ్చుకి ఐఎస్ఓ 12647-2 అని ఒక ప్రమాణం ఉంది. దాని 2004 సవరణలో నాలుగు ఇంకుల నిండు గడులకి 5 అని ఉంది. నేనా అంకెని తీసుకొచ్చి బూడిద గడికీ, లేత గడికీ, కనపడ్డ ప్రతిదానికీ అతికించేశాను. 2013 సవరణలో డెల్టా ఈ 2000 విలువల్ని కూడా సమాచారం కోసం చేర్చారు. మేం ఆ వైపే చూడలేదు. ఎందుకంటారా? "పనిచేస్తోంది కదా, కదిలించొద్దు." ఈ మంత్రం మీకూ వచ్చు. సూత్రం కష్టమనే సాకు కూడా చెల్లదు. 2005లోనే గౌరవ్ శర్మ, మరో ఇద్దరు కలిసి ఎక్కడెక్కడ పొరపాట్లు దొర్లుతాయో వివరించి, సరిచూసుకోడానికి 34 జతల రంగుల విలువలు కూడా ఇచ్చారు. యూనిట్ టెస్టులు వండి వడ్డించినట్టే.

సరే, సూత్రం మార్చేస్తే అయిపోతుందా? అవదు. ఆ ఒక్క అంకె వెనక ఇంకా బోలెడు షరతులు దాక్కుని ఉన్నాయి.

ప్రెస్సులో షీటుని నల్లటి బల్ల మీద పెట్టి కొలుస్తారు. కస్టమరు ఆఫీసులో పది తెల్ల కాగితాల దొంతర మీద పెట్టి కొలుస్తారు. పల్చటి కాగితమైతే కింది రంగు పైకి తెలిసి రెండు అంకెలూ వేరవుతాయి. ఇప్పటి తెల్ల కాగితాల్లో చాలావాటికి మెరుపు కోసం ఒక రసాయనం కలుపుతారు. అతినీలలోహిత కిరణాలు తగిలితే అది నీలంగా వెలుగుతుంది. పరికరం దీపంలో ఆ కిరణాలు ఎంతున్నాయో దాన్ని బట్టి కాగితం తెలుపే మారిపోతుంది. అందుకే 2009లో ఎం0, ఎం1, ఎం2, ఎం3 అని కొలిచే పద్ధతుల్ని విడదీసి నిర్వచించారు. ఒకరు ఎం0లో కొలిచి, ఇంకొకరు ఎం1లో కొలిచి కొట్టుకుంటే, ఒకరు తులాల్లోనూ ఇంకొకరు గ్రాముల్లోనూ తూచి పోట్లాడుకున్నట్టే. ఇవి కాక, తడి ఇంకు ఒక విలువ ఇస్తుంది, ఆరిన ఇంకు ఇంకోటి. మెషిన్ పక్కన కొలిచేది తడిది, కస్టమరు కొలిచేది మర్నాడు ఆరినది.

ఇవన్నీ మా డేటాబేసులో ఉన్నాయా? కొన్ని ఉన్నాయి. రిపోర్టులో ఉన్నాయా? ఒక్కటీ లేదు. "కస్టమరు కన్‌ఫ్యూజ్ అవుతాడు, సింపుల్‌గా ఉంచు" అన్నారు డిజైన్ మీటింగులో. నేను తలూపాను.

ఇంకో సంగతి. మనం కొలిచేది బొమ్మని కాదు, అంచునున్న పట్టీని. అది కటింగులో తెగి చెత్తలోకి పోతుంది. డబ్బా మీద దుమ్ము పడి తెల్ల మచ్చలొచ్చినా పట్టీ బావుంటే పచ్చ లైటే. షీటు మొత్తాన్ని కెమెరాతో చూసే యంత్రాలు ఉన్నాయి, లేవనను. కానీ వాటి ధర వింటే మా బెజవాడ ఓనరు మంచినీళ్ళు అడుగుతాడు.

అన్నిటికన్నా ముఖ్యమైంది, కారణం. ఆఫ్‌సెట్ అంటే ఇంకూ నీళ్ళూ కలిసి చేసే కాపురం. నీళ్ళు ఎక్కువైతే రంగు పలచబడుతుంది. పరికరానికి కనపడేది పలచబడిన రంగే, నీళ్ళు కాదు. వెంటనే "ఇంకు పెంచు" అంటుంది. ఇంకు పెరిగితే ఇంకా నీళ్ళు కావాలి. ఇంకులో నీళ్ళు కలిసిపోయి చివరికి అచ్చు మొత్తం చెడుతుంది. బాబాయ్ ఐతే ముందు నీళ్ళు తగ్గిస్తాడు. పైగా మర తిప్పగానే రంగు మారదు. బోలెడన్ని రోలర్లు దాటి ఆ మార్పు కాగితం మీదకి రావడానికి పదులు, ఒక్కోసారి వందల షీట్లు పడుతుంది. ఈలోగా మళ్ళీ కొలిచి మళ్ళీ సవరిస్తే రంగు ఉయ్యాల ఊగుతుంది. కంట్రోల్ సిస్టమ్స్ పేపరు రాసి పాసైన మనందరికీ ఇది తెలుసు. పరీక్ష అయిపోగానే మర్చిపోయామంతే. మా లాగ్‌లో ఒక కాలమ్ ఉంటుంది, "ఆపరేటరు యంత్రం సలహాని కాదన్నాడు" అని. యాజమాన్యం ఆ కాలమ్‌ని క్రమశిక్షణ లోపంగా చదువుతుంది. అందులో సగం సార్లు బాబాయే రైటని ఏ రిపోర్టూ చెప్పదు, ఎందుకంటే కారణం రాసుకోడానికి ఆయనకి మేం ఒక్క గడి కూడా ఇవ్వలేదు.

ఇక్కడ మా మేనేజరు గారి వాదన కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. "కాంట్రాక్టులో 5 అని వాళ్ళిద్దరే రాసుకున్నారు. మనం థర్మామీటరు లాంటి వాళ్ళం. జ్వరం ఉందని చెబుతాం. జీతం కోయడం ఓనరు పని, మనకేం సంబంధం?"

వినడానికి బాగానే ఉంది. కానీ థర్మామీటరు 101 అని చెప్పి ఊరుకుంటుంది. "ఫెయిల్" అని ఎర్రక్షరాలతో రాసి ఊరంతటికీ మెయిలు కొట్టదు. నోట్లో పెట్టి చూశారా, చంకలో పెట్టి చూశారా అని డాక్టరు అడుగుతాడు. మన రిపోర్టులో అడగడానికి చోటే లేదు. ఇక ఆ కాంట్రాక్టులో 5 ఎలా వచ్చింది? మా సాఫ్టువేరులో డిఫాల్టుగా 5 ఉంది కాబట్టి వాళ్ళు 5 అని రాసుకున్నారు. మేమేమో కాంట్రాక్టులో 5 ఉంది కాబట్టి డిఫాల్టు మార్చలేదు. గుడ్డు ముందా, పిల్ల ముందా?

"మెషిన్‌మాన్లు అబద్ధాలు చెబుతారు, అంకె అబద్ధం చెప్పదు" అనేది ఇంకో వాదన. నిజమే, అంకె అబద్ధం చెప్పదు. అడిగినదానికి మాత్రమే జవాబు చెబుతుంది. ఏం అడగాలో నిర్ణయించింది ఏసీ రూములో కూర్చున్న నేను, ఇంకు వాసన కూడా తెలియని రోజుల్లో.

కాబట్టి నా డిమాండ్లు ఇవి. కొత్త పరికరాలు అక్కర్లేదు, రెండు వారాల కోడింగు చాలు.

1. ఏ సూత్రం, ఏ ఎం పద్ధతి, కింద నలుపా తెలుపా, తడా ఆరిందా, దేంతో పోల్చారు: ఈ ఐదూ లేని అంకె రిపోర్టులో అచ్చవకూడదు.

2. అన్నిటికీ ఒకే పరిమితి డిఫాల్టుగా ఉండకూడదు. ప్రెస్సూ కస్టమరూ కూర్చుని నింపేదాకా ఆ గడి ఖాళీగానే ఉండాలి. అప్పటిదాకా లైటు వెలగనే కూడదు.

3. మెషిన్‌మాన్ సలహాని కాదన్నప్పుడు ఎందుకో రాసే గడి ఉండాలి, తెలుగులో. అది కూడా అదే రిపోర్టులో, అదే సైజు అక్షరాల్లో వెళ్ళాలి.

4. ఎర్ర లైటంటే "చూడండి" అని అర్థం, "శిక్షించండి" అని కాదు. ప్రమాణం చెప్పిన డీ50 వెలుతుర్లో ఇరుపక్షాలూ షీటు చూడకుండా సరుకు తిప్పిపంపడానికి గానీ, ఎవరి జీతం ముట్టుకోవడానికి గానీ వీల్లేదు. ఇది కోడులో పెట్టలేం. కానీ రిపోర్టు మొదటి లైన్లో రాయగలం.

ఇప్పుడు ఏమైందో చెప్పి ముగిస్తాను. రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి ప్రెస్సు ఓనరుకి చూపించాను. ఆయన చాలాసేపు చూసి, మూడో నెల కోత ఆపించాడు. మొదటి రెండు నెలల ఆరు వేలూ మాత్రం "అకౌంట్సు క్లోజైపోయాయి" అన్నాడు. మా కంపెనీలో మొదటి రెండు డిమాండ్లూ ఒప్పుకున్నారు, కాకపోతే "అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్"లో పెట్టారు. అంటే ఎవరూ తెరవని చోట అన్నమాట. మూడోదానికి ఇంకా పోట్లాడుతున్నాను. నాలుగోది విని నవ్వారు.

మీరు రాసేది ప్రెస్సుల కోసం కాకపోవచ్చు. డెలివరీ కుర్రాళ్ళ రేటింగో, కాల్ సెంటరు స్కోరో, అప్పు ఇవ్వాలా వద్దా అనే లెక్కో అయ్యుండొచ్చు. అందులో కూడా ఎక్కడో ఒక 5 ఉంటుంది. ఓసారి వెతికి, దాన్ని ఎవరు పెట్టారో చూడండి. నాలాగే మీ పేరే కనపడితే, దానివల్ల ఎవరి జీతం తెగుతోందో కూడా కనుక్కోండి.